నానబెట్టని బొగ్గు

ఆదివారం రాత్రి, పెద్దవంగర

చిన్నబాపు ఇవాళ మా వాకిట్లోకి వచ్చాడు. అన్నదమ్ముల పంపకాల్లో బావి పక్క చెలక తాను ఉంచుకుని, సర్కారు తుమ్మ కమ్మేసిన ముక్కను బాపు మొహాన కొట్టిన మనిషి. "నీ బిడ్డ డిగ్రీ చదివింది గదా, ముండ్లల్ల కూసొని పుస్తకాలు చదువుకోమను" అని ఆ రోజు అందరి ముందూ నవ్వాడు.

ఆ తుమ్మనే నరికి, గుంటలో గాలి సరిగా ఆడనివ్వకుండా కాల్చి, బొగ్గు చేసి నేలలో కలిపాం. నిరుడు మా మిర్చి విరగకాసింది. ఆయనది ముడత పడి పోయింది.

"జర నాల్గు బస్తాల బొగ్గియ్యి బిడ్డా. ఎల్లుండి నారు పెడుతున్న. అండ్ల ఏమన్న కలపాల్నా?"

"ఏమొద్దు చిన్నబాపూ. గట్లనే చల్లు."

పేడనీళ్లలో నానబెట్టని బొగ్గు ముందుగా నేలలోని సత్తువనే తాగేస్తుంది. నారు పసుపు పడుతుంది. అది చెప్పలేదు. ఆయన బస్తాలు ఆటోలోకి ఎత్తుతుంటే నా కడుపు చల్లబడింది.

పోతూ పోతూ, "తోట పనంత మీ చిన్నమ్మదే. నాతోని ఏడైతది" అన్నాడు.

చిన్నప్పుడు నా అరికాల్లో తుమ్మముల్లు విరిగితే, కాలు ఒళ్లో పెట్టుకుని పిన్నీసుతో తీసింది ఆ చిన్నమ్మే. రేపు ఒక్క మాట చెబితే సరిపోతుంది.

చెప్పను. ఆకులు పసుపెక్కాక ఆయనే మళ్లీ రావాలి. బాపు మంచం మీద కూర్చుని ఉంటే, ఎదురుగా నిలబడి ఏం చెయ్యాలో అడగాలి.

ఆయన వెనక చిన్నమ్మ రాకుంటే చాలు.