డాలరుకు మూడు ఇరవై

మార్చి 4, మంగళవారం

పిట్ట చెయ్యి మిషన్‌లో పడి ఇవాళ్టికి మూడు రోజులు.

పిట్ట నా కూతురి కూతురు. పరాయి దేశంలో ఒక బైండింగ్ షాపులో పనిచేస్తుంది. కాగితాల బొత్తులు కోసే మిషన్ దాని కుడిచేతి మూడు వేళ్ల నరాలు తెంపింది. మొదటి ఆపరేషన్‌లో వేళ్లు నిలబెట్టారు. నరాలు కలిపే రెండో ఆపరేషన్ శనివారం. శుక్రవారం సాయంత్రం నాలుగింటిలోగా ఎనిమిది వేల నాలుగు వందలు డిపాజిట్ కట్టాలి, వాళ్ల డబ్బులోనే, నగదుగా. కట్టకపోతే ఆ సర్జన్ రెండు వారాలు సెలవు మీద పోతాడు. ఈలోగా తెగిన నరాలు ముడుచుకుపోతాయట. తర్వాత వేళ్లు ఉంటాయి కానీ వంగవు.

బ్యాంకు ద్వారా పంపితే అయిదు పనిదినాలు. అల్లుడి కార్డు లిమిట్‌ను మొదటి ఆపరేషనే ఊడ్చేసింది. కూతురికీ అల్లుడికీ వీసాలు రావడానికి పది రోజులు పడుతుంది. వేసవిలో పిట్టను చూసి వద్దామని నేను ఎప్పుడో తీసి పెట్టుకున్న వీసా ఒక్కటే ఇంట్లో ఉంది. అలా డెబ్బయ్యొకటో ఏట నేను మనియార్డర్నయ్యాను.

గొలుసు అమ్మి, 2,800 డాలర్లు కొన్నాను. అన్నీ వంద నోట్లే, ఇరవై ఎనిమిది. ఎయిర్‌పోర్టులో కొనుక్కోవచ్చు కదమ్మా, ఈ ఎండలో తిరుగుళ్లెందుకు అంది కూతురు. ముప్ఫై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్నే, ఎయిర్‌పోర్టు రేటుకు డాలర్లు కొన్నానని తెలిస్తే నా పాత స్టూడెంట్లు వచ్చి నన్ను బెంచీ ఎక్కిస్తారు అన్నాను. బజారులో అయిదు షాపులు తిరిగాను. అయిదోవాడు దణ్ణం పెట్టి, అమ్మా, మీరడిగిన రేటుకే ఇస్తాను, ఇక్కణ్ణుంచి కదలండి చాలు అన్నాడు.

మిగతా లెక్క సులువు. అక్కడ డాలరుకు మూడు వస్తే డిపాజిట్‌కు సరిగ్గా సరిపోతుంది. మూడుకు తగ్గితే చాలదు. ఇవాళ్టి మార్కెట్ రేటు మూడు ఇరవై.

మార్చి 5, బుధవారం. ఎయిర్‌పోర్టు

నోట్లు లోపలి లంగా అంచులో ఉన్నాయి. నాలుగు చోట్ల, ఏడేసి చొప్పున. జారిపోకుండా నోట్లలోంచే సూది పోనిచ్చి, దగ్గర దగ్గరగా రెండు వరసలు కుట్టాను. ఇప్పుడు దొంగెవడైనా వాటిని కావాలంటే నన్ను కూడా మోసుకుపోవాలి.

ఇక్కడి మారకం కౌంటర్ ముందు బోర్డు చదివాను. కొనే రేటొకటి, అమ్మే రేటొకటి. ఆ రెంటి మధ్య దూరంలో ఒక చిన్న కుటుంబం ఏడాది బతకొచ్చు. క్యూలో ముందున్న కొత్త దంపతులకు అదే చెప్పాను. కౌంటర్‌లోని కుర్ర మేనేజరు, అమ్మగారూ, మీరు డబ్బులు మారుస్తారా, క్లాసు చెబుతారా అని అడిగాడు. క్లాసుకు ఫీజు లేదు నాయనా, నీ దగ్గరే ఉంది అన్నాను. ఆ దంపతులు నవ్వారు. నవ్వుతూనే మార్చుకున్నారు.

అదే రోజు. విమానం

కాళ్లు దగ్గరకు ముడుచుకుని కూర్చున్నానని పక్క సీటాయన, చలేస్తోందా అండీ అని తన దుప్పటి కూడా ఇచ్చాడు. తీసుకున్నాను. ఎవరినీ నమ్మకుండా ఇంత వెచ్చగా ప్రయాణం చేయడం ఇదే మొదటిసారి.

మార్చి 6, గురువారం

దిగగానే బోర్డు. డాలరు కొనే రేటు 2.68. అమ్మే రేటు 3.72.

మా దగ్గర కమిషన్ లేదండీ అంది కౌంటర్ పిల్ల, ఏదో దానం చేస్తున్నట్టు. సగం విస్తరి ఖాళీ చేసినవాడు మంచినీళ్లకు డబ్బులు అడగనన్నాడట, అలా ఉంది. ఇరవై ఎనిమిది నోట్లకు 7,504 వస్తాయి. ఎనిమిది వందల తొంభై ఆరు తక్కువ. రేటు ఇంకేమైనా పెరుగుతుందా అని అడిగాను. బోర్డు తను రాయలేదంది. అది నిజమే. సంచి భుజాన వేసుకుని బయటికొచ్చాను.

ఆస్పత్రిలో పిట్ట మంచం తల దగ్గర ఎత్తి ఉంది. చెయ్యి ఒక కొక్కేనికి వేలాడుతోంది. వేళ్ల చివరలు మాత్రం కట్టు బయట ఉన్నాయి. చింతపండు రంగు. అమ్మమ్మా, నువ్వొస్తే ఈ కొక్కెం కూడా భయపడి నన్ను వదిలేస్తుందనుకున్నా అంది. జడ విప్పి చిక్కు తీశాను. అయిదు రోజులుగా దువ్వుకోలేదు.

దాంతో కలిసి అద్దె గది పంచుకునే అమ్మాయి భోజనం తెచ్చింది. స్టేషన్ రోడ్డులో మారకం షాపులు వరసగా ఉంటాయనీ, మూడు పన్నెండు దాకా ఇస్తారనీ చెప్పింది. రేపు పొద్దున తెరవగానే వెళతాను.

ఆ పిల్ల వెళ్లాక పిట్ట గోడకేసి తిరిగి, వంగకపోతే ఏం పని చెయ్యాలి అమ్మమ్మా అని అడిగింది. వంగుతాయి అన్నాను. రుజువు లేకుండా మాట అనడం నాకు అలవాటు లేదు.

మార్చి 7, శుక్రవారం. ఉదయం 9.40

ఆస్పత్రి బాత్‌రూంలో కుట్లు విప్పి, నోట్లు కవరులో పెట్టుకుని వచ్చాను. మొదటి షాపతను పైనోటు తీసి లైటుకేసి ఎత్తాడు. నేనూ తలెత్తి చూశాను. నోటు నిండా వెలుగు చుక్కలు. పిండి జల్లెడలా.

వీటినేం చేశావమ్మా అన్నాడు. కుట్టానన్నాను. దేనికి అన్నాడు. లంగాకు అన్నాను. దేనికి అని అడిగింది అది కాదు. లోపలున్న ఇంకొకణ్ణి పిలిచి చూపించాడు. ఇద్దరూ ఎంతో మర్యాదగా, ఇవి మాకొద్దన్నారు.

10.50

రెండో షాపు: లేదు. మూడో షాపు: డాలరుకు 2.20, అదీ నీ వయసు చూసి అన్నాడు. మొత్తం 6,160. నాలుగో షాపువాడు కౌంటర్ దాటి బయటికి వచ్చి మరీ చెప్పాడు: పెద్దమ్మా, ఇక్కడ ఎవరూ తీసుకోరు, నోటు నోటునూ లైటులో చూస్తాం, ఎయిర్‌పోర్టులో హడావుడి ఎక్కువ, అక్కడే ఎవరైనా చూడకుండా తీసుకోవాలి.

దొంగలకు భయపడ్డాను. దొంగలెవరూ రాలేదు.

11.45. బ్యాంకు

మేనేజరు కుర్చీ వేయించి మంచినీళ్లు ఇప్పించాడు. చిరిగిన నోట్లు, చిల్లుల నోట్లు తీసుకుంటారట. కాకపోతే పై ఆఫీసుకు పంపి, అక్కణ్ణుంచి జవాబు వచ్చాక డబ్బిస్తారట. ఎన్నాళ్లు పడుతుందన్నాను. ఆరు వారాలు అన్నాడు. నాకు నాలుగు గంటలే టైముందయ్యా అన్నాను. ఆయన ఇంకో గ్లాసు నీళ్లు ఇప్పించాడు. మంచివాడే. మంచివాడితో నాకేం పని.

12.10

ఆస్పత్రి క్యాషియర్‌కు ఫోన్ చేశాను. ఇవాళ ఉన్నంత కడతాను, మిగతాది సోమవారం కడతాను అన్నాను. కంప్యూటర్ తీసుకోదమ్మా అన్నాడు. నువ్వు తీసుకోవయ్యా అన్నాను. ఫోన్ పెట్టేశాడు. పిట్టతో గది పంచుకునే పిల్ల దగ్గర మూడు వందలున్నాయట. ఎయిర్‌పోర్టు రేటుకు అవి కలిపినా ఆరు వందలు తక్కువ.

12.35. రైలు

ఎయిర్‌పోర్టుకే వెళుతున్నాను. నలభై నిమిషాలు.

బోర్డు కళ్ల ముందే ఉంది. కొనేది 2.68, అమ్మేది 3.72. మధ్యలో ఒకటీ సున్నా నాలుగు. పిట్ట వేళ్లు ఆ మధ్యలో ఉన్నాయి. ఇక్కణ్ణుంచి వెళ్లిపోయేవాళ్లు తమ దగ్గరి ఇక్కడి డబ్బిచ్చి డాలర్లు కొంటారు, డాలరుకు 3.72 పెట్టి. అలాంటివాళ్లు నాకు మూడు ఇరవై ఇస్తే వాళ్లకీ లాభం, నాకూ లాభం. ఇంత సులువైన లెక్క నిన్న ఎందుకు తట్టలేదు?

సాయంత్రం 6.00

డిపాజిట్ కట్టాను. రసీదు మీద టైము 3.47.

అయినదంతా అయినట్టే రాస్తాను. నా డైరీలో నేను అబద్ధం రాస్తే ఇక నిజం చెప్పేదెక్కడ.

రైల్లో కూర్చుని నోట్లు గోటితో రుద్దాను. రుద్దితే చిల్లులు మూసుకుంటాయి, లైటుకేసి ఎత్తితే తప్ప కనబడవు. ఎందుకు రుద్దుతున్నానో అప్పుడు తెలియదని రాయబోయాను. తెలుసు.

కౌంటర్ దగ్గర క్యూ ఉంది. ముందు ఒకావిణ్ణి అడిగాను. మూడు ఇరవైకిస్తాను, కాకపోతే నోట్లకు సూది చిల్లులున్నాయి అన్నాను. నాకేదో అంటురోగం ఉన్నట్టు పెట్టె లాక్కుని పక్కకు జరిగింది. తర్వాత ఇద్దరు కాలేజీ పిల్లలు. వాళ్లకూ చెప్పాను. సారీ గ్రాండ్‌మా అన్నారు. గార్డు ఒకసారి నా వైపు చూశాడు. గడియారం 1.50. ఒంటిగంటా యాభై అయ్యేసరికి నా నిజాయితీ అయిపోయింది. నిజానికి అది రైల్లోనే అయిపోయింది. వాళ్లకు చెప్పింది అలవాటు కొద్దీ.

అప్పుడు మన భాష వినిపించింది. క్యూలో ఒకతను బోర్డు చూసి, గొంతు తగ్గించి, కౌంటర్ తాత ముత్తాతల్ని తిడుతున్నాడు. తాపీమేస్త్రీ. గోళ్ల అంచుల్లో ఇంకా సిమెంటుంది. కొత్త పెట్టె, దాని చుట్టూ పాత తాడు. నాలుగేళ్లు ఇక్కడ పనిచేసి ఇక రానని వెళ్లిపోతున్నాడట. చివరి జీతమూ బోనసూ ఇక్కడి నోట్లలో ఉన్నాయి, తొమ్మిది వేల చిల్లర. ఇంటికెళ్లి సొంతంగా కాంక్రీటు కలిపే మిషన్ కొంటాడట. ఇక ఎవడి కిందా పనిచెయ్యను పెద్దమ్మా, నా మిషన్, నా మనుషులు, నా తిట్లు అన్నాడు.

చొక్కా పట్టుకుని పక్కకు లాగాను. అతని బోర్డింగ్ పాస్ వెనకే లెక్క వేసి చూపించాను. నీ 8,960కి వీళ్లిచ్చేది 2,408 డాలర్లు. నేనిచ్చేది 2,800. తేడా 392. అతను పెదవులు కదుపుతూ రెండుసార్లు చదివాడు. నీకేం లాభం పెద్దమ్మా అన్నాడు. పిట్ట సంగతి చెప్పాను. అంతా చెప్పాను, కొక్కెంతో సహా. చిల్లుల సంగతి తప్ప.

నోట్లు లెక్కపెట్టుకున్నాడు. ఒకటి తీసి పైకి ఎత్తబోయాడు. నా మొహం చూసి చెయ్యి దించేశాడు. నీ నోట్లు పరీక్ష చేస్తే నాకు కళ్లు పోతాయి పెద్దమ్మా అన్నాడు.

చెప్పడానికి నోరు తెరిచాను. రైలు 2.25కు ఉంది.

ఆపరేషన్ అయ్యాక ఫోన్ చేసి కనుక్కుంటానని నా నంబరడిగాడు. ఒక అంకె మార్చి చెబుదామనుకున్నాను. మార్చలేదు. అంతవరకే.

మార్చి 8, శనివారం

అయిదు గంటలు పట్టింది. బాగా జరిగిందన్నాడు సర్జన్. ఇక వేళ్లు చెప్పాలన్నాడు.

కూతురు ఫోన్లో ఏడ్చింది. అల్లుడు వెనక నుంచి, అత్తయ్యగారూ, ఇంతకీ ఏం రేటుకు మార్చారు అని అడిగాడు. మూడు ఇరవై అన్నాను. ఎయిర్‌పోర్టులోనా! అత్తయ్యగారంటే అత్తయ్యగారే అని చప్పట్లు కొట్టాడు. ఈ సంగతి వాళ్ల ఆఫీసులో అందరికీ చెబుతాడట.

మార్చి 9, ఆదివారం

అతను ఇంటికి వెళ్లాక పది శాతం కోసి తీసుకున్నారనుకుందాం. 2,520. కౌంటర్ ఇచ్చేదానికన్నా ఎక్కువే, అతనికి నష్టం లేదు. ముప్ఫై శాతం కోస్తే 1,960. నష్టమే. అసలు తీసుకోకపోతే సున్నా. పొద్దుట నుంచి ఇదే లెక్క. శాతం మారుస్తూ పోతున్నాను, అదేదో నా చేతిలో ఉన్నట్టు.

డిపాజిట్ కట్టగా 560 మిగిలింది. ఎవరికి పంపాలో తెలుసు. ఎక్కడికి పంపాలో తెలియదు. తన నంబరు అతను ఇవ్వలేదు, నేను అడగలేదు.

మార్చి 12, బుధవారం

చూపుడువేలు కదిలింది. గింజంత. పిట్ట కేక పెడితే నర్సులు పరుగెత్తుకొచ్చారు.

మార్చి 15, శనివారం

అమ్మమ్మా, నువ్వు నన్ను తిట్టి ఎనిమిది రోజులైంది, నీకేమైనా జబ్బా అంది పిట్ట. తిట్టాను. పసలేదంది.

మార్చి 19, బుధవారం

పొద్దున మేస్త్రీ ఫోన్ చేశాడు. మనవరాలి చెయ్యి ఎలా ఉంది పెద్దమ్మా అన్నాడు. రెండు వేళ్లు వంగుతున్నాయన్నాను. చాలా సంతోషించాడు. పక్కనున్న భార్యకు కూడా చెప్పాడు, వంగుతున్నాయంట అని. ఆవిడ సంతోషించడం కూడా వినబడింది.

మిషన్ కొన్నావా నాయనా అని అడిగాను.

కొంటాలే పెద్దమ్మా అన్నాడు. నువ్వు ఆరోగ్యం జాగ్రత్త అన్నాడు.