ఏడుపు సినిమాల సాయంత్రాలు

జులై 14
గోదావరి ఎర్రబడింది. పడవలు ఆపేశారు. మైకు పట్టుకుని పాపికొండల దాకా టూరిస్టులకు కబుర్లు చెప్పే మా ఆయన... ఇక వరద తీసేదాకా ఇంట్లోనే. సాయంత్రం టీవీలో ఏడుపు సినిమా పెట్టారు, తనంతట తానే. ఇన్నేళ్ళూ నేను చూస్తుంటే, "మన కష్టాలు చాలవా, వాళ్ళవి కూడానా" అంటూ లేచిపోయేవారు. ఈరోజు చివరిదాకా కూర్చున్నారు. నాకు నవ్వొచ్చింది.

జులై 15
మళ్ళీ. ఈసారి నలుపు తెలుపు. గదిలో లైటు తీసేయమన్నారు.

జులై 17
ఇంకొకటి. సినిమాలో తల్లి పోయింది, ఈయన కంట తడి లేదు. ఆ సంగతి దాచి తండ్రి పిల్లను నవ్వించే చోట మాత్రం భుజాలు కదిలాయి. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "బాగా తీశాడు" అన్నారు. బొంగురు గొంతు. ఏడుపు వల్ల కాదు. ఉగాది ముందు నుంచీ అంతే.

జులై 18
గొంతు గురించి అడిగాను. "మైకులో అరిచి అరిచి... పడవలు ఆగాయిగా, అదే తగ్గుద్ది."

జులై 21
తగ్గలేదు. ఇంకా పూడుకుపోయింది.

జులై 22
మా అమ్మాయి లావణ్య తణుకు హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. ఆయనే ఎత్తి "హలో" అన్నారు. "ఎవరండీ? మా నాన్నకివ్వండి" అందట. నవ్వుతూ ఫోన్ నా చేతిలో పెట్టి పెరట్లోకి వెళ్ళారు. పిల్లకు ఏదో సర్దిచెప్పాను. పెరట్లోంచి ఎంతకీ రాలేదు.

జులై 25
పడవ నడిపే రాంబాబు పులస తెచ్చిచ్చాడు. ఆయన స్నానానికి వెళ్ళారు. గుమ్మంలోనే నిలబడి, "ముక్క పంపారు కదొదినా, ఏమన్నారు?" అన్నాడు. చేపముక్క అనుకున్నాను. ఏ ముక్క అన్నాను. "అదే... అన్నయ్య గొంతులోంచి పరీక్షకి తీసింది. రాజమండ్రి నేనే తీసుకెళ్ళాను కదా." నా ముఖం చూశాడు. "మీకు తెలుసనుకున్నానండి." చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే వెళ్ళిపోయాడు.

పులుసు పెట్టాను. ఆయన పులుసు మాత్రం కలుపుకుని, చేప నా కంచంలో వేశారు. ముద్ద ముద్దకీ నీళ్ళు. ఇది ఎన్నాళ్ళ నుంచి... నేనెందుకు చూడలేదు.

అడగలేదు. ఆయనే చెప్పాలి.

జులై 27
సాయంత్రం సినిమా. నేను తెరవైపు చూడలేదు, ఆయన్నే చూస్తున్నాను. అందులో భర్త జబ్బు దాచిపెడతాడు. ఉండబట్టలేక అన్నాను —
"ఆవిడకు చెప్పేయొచ్చుగా."
"చెబితే ఏం చేస్తది?"
"పక్కన కూర్చుంటుంది."
సౌండు పెంచారు.

జులై 28
వాన. కరెంటు లేదు. సినిమా లేదు. ఇద్దరం వసారాలో. ధవళేశ్వరం దగ్గర నీరు పెరుగుతోందని ఆటోలో మైకు పెట్టి ఓ కుర్రాడు చెప్పుకుంటూ పోయాడు. ఆ కుర్రాడి గొంతు వీధి మలుపు తిరిగేదాకా ఆయన చెవులు రిక్కించి విన్నారు.

జులై 31
సినిమా సగంలో ఆపారు. టీవీ వైపే చూస్తూ చెప్పారు. ముక్క రిపోర్టుకి సోమవారం ఆస్పత్రికి రమ్మన్నారట. చెడ్డదైతే ఆపరేషను. గొంతులో మాట పలికేదాన్నే తీసేయాల్సి రావచ్చట.
"నువ్వు కూడా వస్తావా?"
వస్తానన్నాను. ఈ సినిమాలేంటండీ మరి, అన్నాను.
"ఊరికే ఏడిస్తే ఎందుకని అడుగుతావు. సినిమా చూసి ఏడిస్తే అడగవుగా."
చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. మిగతా సగం చూడలేదు.

ఆగస్టు 2
లావణ్యకు చెబుదామన్నాను. రేపు తెలిశాక అన్నట్టు చెయ్యి ఊపారు. ఈరోజు గొంతు బొత్తిగా లేదు. సైగలు. నేను నవ్వితే తనూ నవ్వారు. తర్వాత ఇద్దరం నవ్వలేదు.

ఆగస్టు 3, సోమవారం
రాజమండ్రి. ఆస్పత్రి బెంచీ మీదే రాస్తున్నాను. ఊరికే కూర్చోలేక.
కౌంటరులో అమ్మాయి, "పేషెంటు పేరండీ?" అంది. ఆయన నోరు తెరిచారు. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ ప్రయత్నించారు. వెనక ఎవరో, "త్వరగా చెప్పండి" అన్నారు.
నేను చెప్పాను. "సూర్యనారాయణ." పెళ్ళయ్యాక ఆ పేరు నా నోట పలకడం ఇదే మొదలు. ఆయన తిరిగి నా వైపు చూశారు.
"కూర్చోండి, పిలుస్తాం."
ఇంకా పిలవలేదు.