బతికున్న భార్యకు శోకగీతాలు

బెజియే,
అక్టోబరు 20, 1897

ప్రియమైన ఉర్స్యూల్ వదినకు,

చచ్చిపోయిన మీ మరదలి నమస్కారాలు.

పోయినేడు కన్నుమూసిన మీ తమ్ముడికి, అందరూ సమాధుల మీద పూలు పెట్టే పునీతుల పండుగ నాడు సమాధి మీద విగ్రహం పెడుతున్నారట. నన్ను రావద్దని రాశారు. "ఇన్నేళ్లు నోరు మూసుకున్నావు, ఇకముందూ అలాగే పడి ఉండు తల్లీ, వాడి పరువు తీయకు" అన్నారు. ఎంత ప్రేమ!

థియోడ్యూల్ గొప్పతనం మనకు తెలియనిదా? మూడు కవితల పుస్తకాలు సొంతంగా అచ్చేయించుకున్నాడు, పొరుగింటివాళ్లు కూడా చదవలేదు. అతని తిట్లు పడలేక నేను మా అమ్మ దగ్గరికి వచ్చేశాక, పెళ్లాం వదిలేసిందంటే నవ్వుతారని, జ్వరంతో పోయిందని చెప్పి నా మీద శోకగీతాలు రాశాడు. ఊరంతా భోరుమంది. మీరేమో ఆ అబద్ధం నిలబెట్టడానికి మీ కుటుంబ సమాధి మీద నా పేరు చెక్కించారు.

మీకు తెలియనిది ఒకటుంది. అమ్మ పోయాక నేను జబ్బుపడి, చూసే దిక్కులేక, ఇంటికి వచ్చేస్తానని అతనికి రాశాను. "శోకగీతాల పుస్తకం రెండోసారి అచ్చవుతోంది, ఇప్పుడెలా వస్తావు?" అని జవాబిచ్చాడు. ఆ రోజు ఏడ్చినట్టు జన్మలో ఏడవలేదు.

నేను వస్తున్నాను. నా పేరు ఆ రాతి మీద నుంచి చెరిపించాకే తిరిగి వెళ్తాను.

మీ మరదలు,
ఒనోరిన్

బెజియే,
నవంబరు 4, 1897

వదినా,

విగ్రహం ముసుగు తీశాక మేయరు నన్ను చూసి "ఈవిడెవరు?" అంటే, "ఎవరో దూరపు చుట్టం లెండి" అన్నారు మీరు. అందుకే అంత గట్టిగా అరిచాను, నేనే ఒనోరిన్‌నని. జనం థియోడ్యూల్‌ని తిడతారనుకున్నాను, పిచ్చిదాన్ని. నా పేరు ముందు చామంతి కుండీ పెడుతున్న ముసలావిడ నా మీదికే వచ్చింది.

"సిగ్గు లేదటే? బతికుండి మమ్మల్ని ఇన్నేళ్లు ఏడిపించావా? నా కూతురు పోయినప్పుడు ఆ పాటలే చదువుకుంటూ బతికాను. ఇప్పుడు వాటినేం చేసుకోమంటావు?"

మీరు అప్పుడే గెలిచేశానన్నట్టు రుమాలుతో కళ్లు ఒత్తుకున్నారు.

అందరూ వెళ్లిపోయాక, నేను మాట్లాడి ఉంచిన రాతిపనివాడు ఉలి తీశాడు. పేరు చెరపొద్దన్నాను. ఆవిడ వచ్చే ఏడు కూడా చామంతులు తెస్తుంది, వాటిని ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి కదా.

పేరు కింద "ప్రియమైన భార్య" అని మీరు రాయించిన రెండు మాటలు మాత్రం దగ్గరుండి చెరిపించాను.

బతికే ఉన్న
ఒనోరిన్