జోగారావు పేరు మీద ఒక డబ్బా

తణుకు, డిసెంబర్ 2010

యాదలక్ష్మమ్మకు నీ ఇంటి ఓనరు జోగారావు ఆశీస్సులు.

ఫోన్‌లో మాట్లాడితే నాకు బీపీ లేస్తోందని మా ఆవిడ లలితకుమారి ఫోన్ లాక్కుంది. అందుకే ఈ ఉత్తరం. ప్రత్యేక రాష్ట్రం గొడవలు సద్దుమణిగేదాకా తమ్ముడింట్లో ఉందామని ఇలా వచ్చామో లేదో, మేడ మీద ప్లాస్టిక్ డబ్బాలు వరసగా పేర్చావని ఎదురింటి పట్టాభి కబురు పంపాడు. ఏమున్నాయి వాటిల్లో? పెట్రోలా? అసలే రోజులు బాగోలేవు. వెంటనే తీసెయ్యి.

ఉంటాను,
జోగారావు

తా.క. నా స్కూటర్‌లో సగం ట్యాంకు ఉండాలి. ఒకసారి చూసి చెప్పు.

*

మన్సూరాబాద్

సార్‌కు, అమ్మకు యాదలక్ష్మి దండాలు.

అయ్యో, పెట్రోలు కాదు సార్, మట్టి! నూనె డబ్బాలు నడుముకాడికి కోసి, అడుగుకు బొక్కలు పెట్టి ఇత్తులేసిన. రాత్రి పైముక్క బోర్లిస్తే చలి తగలది, పావురాలు ముట్టవు. పొద్దుగాల ఎండొస్తే తీస్త. గంతే. మీరు పరేషాన్ గాకుండ్రి.

మీ కిరాయిదారు,
యాదలక్ష్మి

తా.క. మీ పేరు మీద గూడ ఒక డబ్బా పెట్టిన. మిమ్మల్ని మర్శిపోతనా సార్?

*

తణుకు

అమ్మా యాదలక్ష్మీ,

నా పేరెందుకమ్మా? పట్టాభి కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడట. ఒకదాని మీద జోగారావు, ఇంకోదాని మీద పట్టాభి, మూడోది సగం చెరిగిందట! ఆంధ్రావాళ్ల పేర్లు వరసగా రాసి పెట్టుకున్నావా? ఎనిమిదేళ్లు కన్నకూతురిలా చూసుకున్నందుకు ఇదా ఫలితం? నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యి.

జోగారావు

తా.క. ముందు నా పేరు చెరిపెయ్యి. పట్టాభిది నీ ఇష్టం.

*

మన్సూరాబాద్

సార్‌కు దండాలు.

మీ ఉత్తరం సదివి ఏడ్సిన. మా అఖిలకు మార్చిల పదో తరగతి పరీక్షలు. ఈ బందులల్ల పిల్లనేసుకొని ఇల్లు యాడ ఎతుకాలె? ఇత్తనం ఇచ్చినోళ్ల పేరు పెడితెనే మొలుస్తదని మా అవ్వ రాములమ్మ అంటది. పట్టాభి సార్ ఇంట్లోళ్లు మిరప ఇచ్చిండ్రు. చెరిగింది మా ఊరి సుక్కమ్మ పేరు. మీది వంకాయ. అమ్మ ఏటా తెచ్చే తణుకు వంకాయ. ‘గోదారి నేలలో తప్ప ఇలాంటిది పుట్టదు’ అని మీరే అంటిరి గద. మా అవ్వ చెలకల గూడ గిసొంటిదే కాసేది. బోరెండినంక ఆ ఇత్తనమే పోయింది. అందుకే జర ఆశపడి ఏసిన.

యాదలక్ష్మి

తా.క. మీ పేరు చెరపలే. మొలకొచ్చింది, ఇప్పుడు చెరిపితె వాడిపోతదని భయం. స్కూటర్ల పెట్రోలు చుక్క లేదు. తాళంచెవి పట్టాభి సార్‌కే ఇచ్చిపోతిరి గద.

*

తణుకు, జనవరి 2011

యాదలక్ష్మమ్మా,

నీ ఉత్తరం పైకి చదువుతుంటే లలితకుమారి గరిటె పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. మీరు మా ఇంట్లో దిగిన కొత్తలో మీ అమ్మ రాములమ్మగారు బుట్టెడు వంకాయలు తెచ్చారట. వాటిలో ఒకటి పండనిచ్చి, గింజలు తీసి, ఈ పెరట్లో వేసిందట. ఇన్నేళ్లూ గోదావరి రుచి అని నేను కాలనీ అంతా ఊదరగొట్టింది మీ నల్లగొండ వంకాయనట! ముందే చెప్పొచ్చుగా అంటే, “మీరు చెప్పనిస్తేగా!” అంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఖాళీ మాట మర్చిపో తల్లీ. పిల్లని చదువుకోనివ్వు. వచ్చే వారం మేమే వస్తున్నాం.

జోగారావు

తా.క. డబ్బా మీద రాములమ్మగారి పేరు రాయి. నా పేరు చెరపకు. కింద చిన్న అక్షరాలతో ఉండనీ.