వేడి తగలరాదు

అక్కా,

మందుల షాపులో ఉన్నావని నిన్నే అడుగుతున్నాను. నిచ్చెన మీంచి పడ్డ మీ మరిదికి డాక్టరు నిన్న నడుం మీద నొప్పి తగ్గే మందు ప్యాచ్ అంటించారు. "చాలా ఘాటు మందమ్మా, జాగ్రత్త" అన్నారు. డబ్బా మీద "వేడి తగలరాదు" అని ఉంది. అందుకే మిగిలినవి చల్లటి చోట దాచాను.

పొద్దున నొప్పని ఈయన మూలుగుతుంటే, ఆ ప్యాచ్ మీదే వేడినీళ్ళ బ్యాగు పెట్టాను. గంటలో "చేత్తో తీసేసినట్టు పోయిందే" అన్నారు. మాట ముద్దగా వచ్చింది.

ఇప్పుడు ఎంత పిలిచినా లేవడంలేదు. మొదట్నుంచీ కుంభకర్ణుడే అనుకో. కానీ గురక ఆగాగి వస్తోంది. ఇది హాయిగా నిద్రపోవడమేనా? పక్కింటాయనకు ఈ ఉత్తరమిచ్చి పంపుతున్నాను, జవాబు ఆయన చేతికే ఇవ్వు.

పెదాలు నీలంగా ఉన్నాయి. చలేమోనని బ్యాగులో మళ్ళీ వేడినీళ్ళు పోశాను.

నీ చెల్లెలు