ఆండాలు కాళ్ల దగ్గర తడి

ఏప్రిల్ 3, గురువారం
ఇవాళ్టి నుంచి రాయాలి. డయాలసిస్ సెంటర్‌లో సిస్టర్ చెప్పింది. నా భార్య ఆండాలు రోజుకు ఎన్ని నీళ్లు తాగిందో, బరువు ఎంతో ఒక పుస్తకంలో రాసి తెమ్మంది. ముప్పావు లీటరు, అంతే. మందులకు, చాయ్‌కి, దాహానికి అన్నీ అందులోనే.

నేను ఏడో తరగతి వరకే చదివాను. పుస్తకంలో ఎడమ పేజీ నీళ్లకు. కుడి పేజీ ఇది. దీన్ని ఎవరికీ చూపించను.

ముప్పై ఏండ్లు బస్తీ అంతటికి నల్లా వదిలినోనివి, ఇంట్ల నాకే బంద్ పెడ్తివా అన్నది ఆండాలు. నా ఉద్యోగం నీళ్ల వాల్వ్ తిప్పడమే. నవ్వాను.

ఏప్రిల్ 7, సోమవారం
సెంటర్‌కు పోతుంటే మదీనా చౌరస్తా దగ్గర ట్రాఫిక్ జామ్. కారు టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాకా పోయింది. పాత బండి. పక్కకు ఆపాను. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే ఆవిరి మొహాన కొడుతుంది. అరగంట ఆగి, గుడ్డ వేసి తిప్పాను. ఆండాలు సీటు కింద రెండు లీటర్ల బాటిల్ ఉంటుంది. మొత్తం పోశాను. గటగటా తాగింది బండి.

ఆమె కిటికీలోంచి చూస్తూ ఉంది. పెదవులు ఎండి పొట్టు లేచాయి. బండి జన్మ ఎత్తినా బాగుండు, అడగకుంటనే పోస్తవ్ అన్నది.

రేపటి నుంచి ఆమె ఎక్కకముందే పోయాలి.

సాయంత్రం పురానాపూల్ దగ్గర ఖదీర్ భాయ్ షెడ్డుకు పోయాను. మెకానిక్. బీరయ్య చాచా, ఉత్త నీళ్లు నక్కో, పొయ్యొద్దు, లోపల తుప్పు పడ్తది, కూలెంట్ పొయ్యుమని ఎన్నిసార్లు చెప్పాలె అన్నాడు. సరే అన్నాను. పోయలేదు. నీళ్లు నీళ్లే కదా.

ఏప్రిల్ 10, గురువారం
బరువు మూడున్నర కిలోలు ఎక్కువ. అవ్వ దొంగతనంగ నీళ్లు తాగుతున్నది, తాతా నువ్వేం చూస్తున్నవ్ అన్నది సిస్టర్, అందరి ముందూ. పుస్తకంలో ముప్పావు అనే ఉంది. తల దించుకున్నాను.

అరికాళ్ల మంటలని ఆండాలు బండిలో చెప్పులు విప్పుకుని కూర్చుంటుంది. దిగేటప్పుడు చెప్పులు అందిద్దామని వంగాను. ఆమె కాళ్ల దగ్గర కార్పెట్ తడి. బాటిల్ అక్కడే ఉంది. అంతకుముందు అందులో ఎన్ని నీళ్లున్నాయో నేను చూడలేదు.

ఏప్రిల్ 14, సోమవారం
మళ్లీ తడి. బండి కింద పడుకుని చూశాను. చుక్క లేదు. బండి కారితే కిందనే కదా కారాలి.

తాగినవా అని అడిగాను. తాగలే అన్నది. మళ్లీ అడిగాను.

బాటిల్ తీసి డిక్కీలో పెట్టి తాళం వేశాను. ఆమె చూస్తుండగానే వేశాను.

ఏప్రిల్ 15
ఆమెకు పోసిన ముప్పావులో సగం అట్లనే మిగిలింది.

ఏప్రిల్ 17, గురువారం
మాట్లాడటం లేదు. ముందు అద్దానికి లోపలి వైపు ఆవిరి పట్టింది. ఇంత ఎండలో ఆవిరి ఏందో. పత్తర్‌గట్టి దాటక ముందే ముల్లు లేచింది. డిక్కీ తాళం తీసి నీళ్లు పోశాను. ఆండాలు మొహం అటు తిప్పుకుంది.

ఏప్రిల్ 19, శనివారం, పగలు 11
ఖదీర్ భాయ్ షెడ్డులో కూర్చుని రాస్తున్నాను. ఆండాలు సీటు ముందు డాష్‌బోర్డు కింద విప్పాడు. బండికి రెండు రేడియేటర్లు ఉంటయి చాచా అన్నాడు. ముందర పెద్దది, లోపల చిన్నది. ఇంజన్ నీళ్లే చిన్నదాంట్లకెళ్లి తిరుగుతయి, హీటర్ అంటే గదే. మన ఊర్ల హీటర్ ఎవడేస్తడు, గందుకే ఎవ్వడు చూడడు.

ఆ చిన్నది తుప్పు పట్టి చిల్లు పడింది. నీళ్లన్ని చాచీ కాళ్ల కాడనే కారుతున్నయి అన్నాడు. కూలెంట్ పోసుంటే పచ్చగ కనపడ్తుండె, ఉత్త నీళ్లాయె, ఎట్ల తెలుస్తది అన్నాడు.

చాయ్ తెప్పిస్తా అన్నాడు. వద్దన్నాను.

అదే రోజు, సాయంత్రం 4
బండి అక్కడే వదిలి ఇంటికి వచ్చాను. చెప్పాలి. గడప దగ్గర నిలబడి మాట వెతుక్కున్నాను. ఆమె మంచం మీద కూర్చుని ఎగపోస్తోంది. చెప్పకుండానే ఆటో పిలిచాను.

దవాఖానాలో చేర్చుకున్నారు. గుండె వీక్ అయింది, బీపీ పడిపోతున్నది, మిషన్ నీళ్లు పూర్తిగ తియ్యలేకపోతున్నది, బరువు అందుకే అన్నాడు డాక్టర్. తాగి కాదా అని అడిగాను. కాదన్నాడు. మళ్లీ అడిగాను.

ఏప్రిల్ 21, సోమవారం
లోపలికి పది నిమిషాలు వదిలారు. నోరు తడపమని తడి దూది ఇచ్చారు. తడిపాను.

ఆ నీళ్లు హీటర్‌వి అన్నాను. నువ్వు తాగలే అన్నాను. ఇంకో మాట ఉండింది. అది రాలేదు.

తడి ఉన్నదని నాకెర్కనే అన్నది. పొద్దుగాల ఎక్కంగనే మంటల కాళ్లకు సల్లగ తాకుతుండె. చెప్తే బాగు చేపిస్తవని చెప్పలే అన్నది. నవ్వబోతే దగ్గు వచ్చింది.

ఏప్రిల్ 22
పొద్దున ఆరింటికి ఆండాలు పోయింది. ఎడమ పేజీలో ఏమీ రాయలేదు.

మే 12
ఖదీర్ భాయ్ చిన్న రేడియేటర్ మార్చి, పచ్చ కూలెంట్ పోసి బండి ఇంటికి తెచ్చి పెట్టాడు. చుక్క కారడం లేదు. కార్పెట్ ఎండి గట్టిపడింది.

డిక్కీలోంచి బాటిల్ తెచ్చి ఆ కార్పెట్ మీద మొత్తం పోశాను. చెప్పులు విప్పి ఆ సీట్లో కూర్చున్నాను.

సల్లగనే ఉన్నది అని పైకి అన్నాను.