చొక్కా జేబులోని ఆకు

ప్రియమైన మీకు,

మీ పని బట్టల సంచి లారీ ఆయన నిన్న ఇచ్చి వెళ్ళాడు. రెండు చొక్కాలు మోచేతుల దగ్గర చిరిగితే కుట్టేశాను. నీలం చొక్కా జేబు బొత్తాం విప్పితే, తడిగుడ్డలో చుట్టిన చిన్న ఆకు కనిపించింది. దాని మీదంతా నూగు. నీళ్ళు చల్లితే పూసల్లా జారిపోతున్నాయి. ఎదురుగా ఉంటే ఒక్క మాటా అనని మనిషి ఇది పంపారా అని మురిసిపోయాను. గిన్నెలో నీళ్ళు పోసి కిటికీలో పెట్టాను. "మొగుడి మాసిన చొక్కాలు చూసి ఇంత నవ్వుకునే దాన్ని నిన్నే చూశాను" అని అత్తయ్య ఆటపట్టిస్తున్నారు.

దీని పేరేమిటి?

మీ
నేను

*

ప్రియమైన నీకు,

కుట్లు గట్టిగా ఉన్నాయి. రోజంతా నడుములోతు నీళ్ళలో పని. రిజర్వాయరు శుభ్రం చేయడం సులువనుకుని వచ్చాను. ఇవాళ తీసింది రేపటికి మళ్ళీ ఉంటుంది. మన చెరువు అవతలి గట్టున ఉండే వలల బాబాయిని అడిగానని చెప్పు. నాన్న, ఆయన ఇంకా చేపలకు ఒకే పడవలో వెళ్తున్నారా? ఆకు నీకు నచ్చింది, అది చాలు.

నీ వాడు

*

ప్రియమైన మీకు,

మూడు నెలలుగా రాయలేదు. చేయి ఆడలేదు.

మీ ఆకు పెరిగి గిన్నె నిండింది, తర్వాత తొట్టి నిండింది. మీరు పంపినదాన్ని చెత్తలో వేయడానికి మనసు రాక, అందులో సగం మన చెరువులో వదిలాను. మెట్ల దగ్గర ఎంత బాగుందో అనుకున్నాను. ఇప్పుడు సగం చెరువు కనిపించడం లేదు. మామయ్య వల లాగితే పచ్చటి ముద్ద వస్తోంది. చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలుతున్నాయి. చేపలు లేకపోతే మన పొయ్యి వెలగదు, బాబాయి పొయ్యీ వెలగదు.

బాబాయి వేరే చెరువుకు వెళ్ళొచ్చి, పడవకు అంటించుకుని దీన్ని తెచ్చాడని మామయ్య అన్నారు. ఇద్దరూ మాటా మాటా అనుకున్నారు. ముప్పై ఏళ్ళ స్నేహం ఒక్క పూటలో పోయింది. నేను తలుపు చాటునే ఉన్నాను. చెరువులో వదిలింది నేనని చెప్పలేదు. ఇదేమిటో చెప్పండి.

మీ
నేను

*

ప్రియమైన నీకు,

నీ ఉత్తరం చదివాను. మేము ఇక్కడ తీస్తున్న నీటి కలుపు అదే. గోరంత ముక్క చాలు, వారానికి రెట్టింపవుతుంది. పైన కప్పేస్తే కింద వెలుగు ఉండదు, చేపలకు ఊపిరి అందదు. ఉతకడానికి పంపిన చొక్కాకు అంటుకుని వచ్చి ఉంటుంది. నువ్వేమీ అనకు. బాబాయి పడవ వల్లే అనుకోనీ. నేను వచ్చినప్పుడు చూస్తాను.

నీ వాడు

*

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం వచ్చిన రోజు ఉదయమే బాబాయి దూడ పచ్చిక అనుకుని చెరువులో అడుగు పెట్టి మునిగిపోయింది. ఆ పచ్చదనం మళ్ళీ మూసుకుంది. అక్కడ ఏమీ జరగనట్టు ఉంది. బాబాయి ఒక్కడే దూకాడు. మామయ్య గట్టు మీద తాడు పట్టుకుని నిలబడిపోయారు. ఇద్దరి మధ్యా మాటలు లేవు కదా. ఆయన దూకేసరికి ఆలస్యమైంది, దూడ దక్కలేదు.

దూడను పైకి తెచ్చాక, ఇద్దరూ తడిసి కూర్చున్న చోటికి వెళ్ళి చెప్పాను. గిన్నె, తొట్టి, మెట్లు, నేను చేసిందంతా చెప్పాను. మామయ్య తల దించుకున్నారు. బాబాయి నావైపు తిరిగి, "నువ్వొచ్చి రెండేళ్ళయింది. నీ గొంతు ఇవాళే విన్నానమ్మాయ్" అన్నాడు. తర్వాత లేచి వల తెచ్చాడు. అప్పటినుంచి అందరం తీస్తున్నాం. తీసింది దూరంగా ఎండబెడుతున్నాం. మెట్ల దగ్గర నీళ్ళు కనిపిస్తున్నాయి.

ఆ రోజు సాయంత్రం మీ ఉత్తరం చదివాను. అంటుకుని వచ్చి ఉంటుందని రాశారు. ఆ వాక్యం దగ్గరే ఉండిపోయాను. తడిగుడ్డ ఎవరు చుట్టారు? జేబు బొత్తాం ఎవరు పెట్టారు? అదేమిటో రోజూ చేత్తో తీసే మీకు తెలియదా?

నేను చేసింది చెప్పాను. ఆకు మీరు పంపిన సంగతి చెప్పలేదు. అది మీరే వచ్చి, బాబాయి ముందు నిలబడి చెప్పాలి.

త్వరగా రండి. మనుషులు చాలడం లేదు. ఈసారి జేబులో ఏమీ తేవద్దు.

మీ
నేను